ఫుట్‌నోట్లలో రెఫరెన్సులు: ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ వస్తే, ఎడిషన్ మారితే ఎలా రాయాలి?

పేపర్_రాస్తున్నా

అందరికీ నమస్కారం. పరిణామ సిద్ధాంతం చుట్టూ పందొమ్మిదో శతాబ్దంలో జరిగిన వాదనల మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. మొదటి డ్రాఫ్ట్ మా గైడ్‌కి పంపితే లోపలి విషయం గురించి రెండు మాటలే అన్నారు, మిగతా వ్యాఖ్య అంతా కింద ఉన్న ఫుట్‌నోట్ల గురించే. "ఒక పద్ధతి లేదు, చికాగో ప్రకారం సరిచేసి పంపండి" అన్నారు. నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కోలా ఉంది, కొన్ని చోట్ల బ్రాకెట్లలో పేరు, సంవత్సరం, కొన్ని చోట్ల కింద నంబర్లు, రెండూ చికాగోయే అంటున్నారు.

నా డ్రాఫ్ట్‌లో ఉన్నది ఉన్నట్టు ఒకటి ఇక్కడ పెడుతున్నాను:

3. డార్విన్ చార్లెస్., ఆన్ ద ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్, 1859, లండన్. పేజీ నం. 72 చూడండి

"సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్" అనే మాట దగ్గర ఈ నోట్ పెట్టాను. ఇందులో ఏం మార్చాలి? ఇదే పుస్తకం పేపర్లో చాలా సార్లు వస్తుంది, ప్రతిసారీ ఇంత పొడుగు రాయాలా? సబ్మిషన్ దగ్గర పడుతోంది, కాస్త టెన్షన్‌గా ఉంది.

పాతపుస్తకాల_గది

టెన్షన్ పడాల్సినంత లేదండి. ముందు ఆ "రెండూ చికాగోయే" సంగతి. చికాగో మాన్యువల్ అంటే రాత, రెఫరెన్సుల పద్ధతులు చెప్పే పుస్తకం, 1906 నుంచి వస్తోంది, దాంట్లో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి నోట్స్, బిబ్లియోగ్రఫీ. రెండోది రచయిత, సంవత్సరం బ్రాకెట్లో పెట్టేది. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వాళ్లు ఎక్కువగా మొదటిది వాడతారు. మీ గైడ్ ఫుట్‌నోట్లు సరిచేయమన్నారు కాబట్టి మీకు కావాల్సింది మొదటిదే. రెండోది ఎక్కడ కనిపించినా ఆ పేజీ మూసేయండి, లేకపోతే రెండూ కలిసిపోతాయి. డ్రాఫ్టుల్లో నేను చూసే గందరగోళంలో సగం ఇలా రెండు పద్ధతులు కలిసిపోవడం వల్లే వస్తుంది.

ఇక మీ నోట్. ఫుట్‌నోట్‌లో పేరు మనిషిని పిలిచే వరుసలోనే ఉంటుంది, తిరగేయకూడదు. తిరగేసేది చివర బిబ్లియోగ్రఫీలో మాత్రమే, ఎందుకంటే అక్కడ అకారాది క్రమం కావాలి. ప్రచురణ వివరాలు బ్రాకెట్లో. "పేజీ నం.", "చూడండి" రెండూ తీసేయండి, చికాగోలో అంకె ఒక్కటి చాలు. ఇలా:

3. చార్లెస్ డార్విన్, ఆన్ ద ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్ (లండన్: జాన్ మర్రే, 1859), 72.

బిబ్లియోగ్రఫీలో ఇదే ఇలా అవుతుంది:

డార్విన్, చార్లెస్. ఆన్ ద ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్. లండన్: జాన్ మర్రే, 1859.

తేడా గమనించండి. నోట్‌లో ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య కామా, కింద బిబ్లియోగ్రఫీలో ఫుల్‌స్టాప్. నోట్‌లో బ్రాకెట్ ఉంది, కింద లేదు. నోట్‌లో పేజీ ఉంది, కింద పుస్తకం మొత్తానికి పేజీ ఉండదు. ఈ మూడూ పట్టుకుంటే పుస్తకాల వరకూ పని అయిపోయినట్టే.

రెండోసారి నుంచి పొట్టిగా: డార్విన్, ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్, 84. అంతే. ఇంటిపేరు, శీర్షికలో ముఖ్యమైన నాలుగు ముక్కలు, పేజీ.

కానీ ఆగండి. "సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్" దగ్గర 1859 అని పెట్టానన్నారు. మీ చేతిలో ఉన్న పుస్తకం నిజంగా 1859 దేనా? ముందు పేజీలు తిప్పి ఏ ఎడిషన్ పాఠమో చూసి చెప్పండి. ఇది కామాల కంటే పెద్ద విషయం.

సెమికోలన్

ఆయన ఎడిషన్ సంగతి చూసుకుంటారు, నేను చుక్కల సంగతి చెప్తా. చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ పేపరు తెరవగానే చదివేవాడి కంటికి ముందు తగిలేవి ఇవే.

వాక్యంలో పైకెత్తి పెట్టే చిన్న అంకె ఫుల్‌స్టాప్ తర్వాత, కామా తర్వాత, కోట్ ముగిశాక ఆ కోట్ గుర్తు కూడా అయిపోయాక రావాలి. ముందు కాదు. ఒక్క డ్యాష్‌కి మాత్రమే ముందు వస్తుంది. కింద నోట్ మొదట్లో ఉండే అంకె మామూలు సైజులో, పక్కన చుక్కతో ఉండాలని చికాగో అంటుంది, వర్డ్ మాత్రం దాన్ని కూడా పైకెత్తి పెడుతుంది. చాలామంది గైడ్లు దీన్ని పట్టించుకోరు, మీ వాళ్లు పట్టించుకుంటారో లేదో ముందే అడిగేయండి.

ఒకే వాక్యానికి మూడు ఆధారాలు ఉంటే మూడు అంకెలు పక్కపక్కన పేర్చకండి. 5, 6, 7 అని వరసగా పైన వేలాడుతుంటే అది గణిత సూత్రంలా ఉంటుంది. ఒకే నంబర్, కింద ఒకే నోట్, లోపల సెమికోలన్‌తో మూడూ. అధ్యాయం పేరు మీదా, ఉపశీర్షిక మీదా నంబర్ పెట్టొద్దు, కింద మొదటి వాక్యం చివరికి దించండి.

ఇంకోటి, ప్రతి నోట్ చివరా ఫుల్‌స్టాప్ ఉండాలి. మీ నోట్‌లో "చార్లెస్." తర్వాత చుక్క, కామా రెండూ ఉన్నాయి, చివర ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అర్ధరాత్రి_డ్రాఫ్ట్

ఇంత కష్టం ఎందుకు అసలు? జొటెరో అని రెఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, డౌన్‌లోడ్ చేసి వర్డ్‌లో ప్లగిన్ పెట్టుకుంటే కామాలు, బ్రాకెట్లు అన్నీ అదే పెడుతుంది. రెండోసారి వచ్చినప్పుడు పొట్టి రూపం కూడా దానంతట అదే వస్తుంది. రేపు గైడ్ మారి ఇంకో స్టైల్ అడిగితే ఒక్క క్లిక్‌తో మొత్తం మారిపోతుంది. ఈ కాలంలో చేత్తో ఎవరు రాస్తారండీ.

పాతపుస్తకాల_గది

జొటెరోకి నేను వ్యతిరేకిని కాదు, కానీ "అన్నీ అదే పెడుతుంది" అన్న మాట దగ్గరే విద్యార్థులు దెబ్బ తింటున్నారు. మీరు ఏం లోపల పెడితే అది బయటికి వస్తుంది. వెబ్‌సైట్ నుంచి లాగినప్పుడు రచయిత పేరు దగ్గర "అడ్మిన్" అని పట్టుకొస్తుంది, శీర్షిక మొత్తం పెద్దక్షరాల్లో పట్టుకొస్తుంది, ప్రచురణకర్త ఖాళీ. అది అలాగే నోట్‌లోకి దిగుతుంది, కామాలు మాత్రం చక్కగా ఉంటాయి. నోట్‌లో కామా తప్పిపోతే చూడగానే తెలుస్తుంది. కామాలన్నీ సరిగ్గా ఉండి రచయిత పేరే తప్పైతే ఎవరికీ కనపడదు, అదే ఎక్కువ ప్రమాదం.

నా అభిప్రాయం, మొదటి పది నోట్లు చేత్తో రాయాలి. అప్పుడే ఏది ఎందుకు ఎక్కడ ఉందో తెలుస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే పట్టుకోగలరు.

గ్రంథాలయం_మూల

లైబ్రరీలో రెఫరెన్స్ డెస్క్ మీద కూర్చునేదాన్ని కాబట్టి ఇద్దరి మాటా నిజమే అంటాను. జొటెరో వాడేవాళ్లు ఈ కొన్ని విషయాలు చూసుకుంటే చాలా బాధలు తప్పుతాయి.

స్టైల్ ఎంచుకునేటప్పుడు చికాగో పేరుతో చాలా కనిపిస్తాయి. "ఫుల్ నోట్" అని గానీ "నోట్స్ అండ్ బిబ్లియోగ్రఫీ" అని గానీ ఉన్నది తీసుకోండి. "ఆథర్ డేట్" తీసుకుంటే ఫుట్‌నోట్ రాదు, బ్రాకెట్లే వస్తాయి. వర్డ్‌లో రెఫరెన్సెస్ ట్యాబ్ కింద సొంతంగా ఉండే సైటేషన్ సౌకర్యం సంగతీ అంతే, చికాగో అని ఎంచుకున్నా బ్రాకెట్లోనే పెడుతుంది, దాంతో కుస్తీ పట్టి టైమ్ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చారు.

పేజీ నంబర్‌ని ఐటమ్ వివరాల్లో పెట్టకూడదు. సైటేషన్ చొప్పించే పెట్టెలో పుస్తకం పేరు మీద క్లిక్ చేస్తే పేజీకి చిన్న గడి తెరుచుకుంటుంది, అక్కడ రాయాలి. "చూడండి" లాంటి మాటలకు కూడా అక్కడే ముందు ఒక గడి, వెనక ఒక గడి ఉంటాయి. డాక్యుమెంట్‌లో నేరుగా నోట్ మీద చేత్తో దిద్దకండి, తర్వాత రిఫ్రెష్ చేసినప్పుడు మీరు దిద్దింది పోతుంది.

రచయిత ఒక సంస్థ అయితే పేరు గడి పక్కన చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి రెండు గడుల్ని ఒక్కటి చేయండి. లేకపోతే "వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్"లో చివరి మాటని ఇంటిపేరు అనుకుని బిబ్లియోగ్రఫీలో "ఆర్గనైజేషన్, వరల్డ్ హెల్త్" అని తిరగేస్తుంది. ఇది దాదాపు ప్రతి పేపర్లోనూ చూస్తుంటాను.

తెలుగు పుస్తకాలు ఎక్కించేవాళ్లకు ఒక మాట: ఇంగ్లీషు లిపిలో తెలుగు శీర్షిక పెడితే లాంగ్వేజ్ గడిలో భాషని తప్పకుండా నింపండి. ఖాళీగా ఉంటే ఇంగ్లీషనుకుని ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దది చేసేస్తుంది.

పేపర్_రాస్తున్నా

అందరికీ ధన్యవాదాలు. @పాతపుస్తకాల_గది గారూ, పుస్తకం తీసి చూశాను. అది ఇటీవలి రీప్రింట్. అట్ట మీద 1859 అని పెద్దగా ఉంది, వెనక కూడా "1859లో వెలువడిన గ్రంథం" అని ఉంది. లోపల రెండో పేజీలో చిన్న అక్షరాలతో ఆరో ఎడిషన్ పాఠం అని ఉంది. ఇదేమైనా తేడా చేస్తుందా? అదే పుస్తకం కదా.

పాతపుస్తకాల_గది

చాలా తేడా చేస్తుంది, మీ వాదనకే అడ్డం వస్తుంది.

డార్విన్ జీవితకాలంలో ఆ పుస్తకం 1859 నుంచి 1872 వరకూ ఆరు ఎడిషన్లు వచ్చింది, ప్రతిసారీ ఆయన పాఠం మారుస్తూ పోయాడు. "సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్" అన్న మాట 1859 పుస్తకంలో లేనే లేదు. అది ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడిన మాట. డార్విన్ దాన్ని 1869 నాటి అయిదో ఎడిషన్‌లో తీసుకున్నాడు, స్పెన్సర్ పేరు చెప్పి మరీ తీసుకున్నాడు. నాలుగో అధ్యాయం శీర్షికలోకి కూడా అది అప్పుడే ఎక్కింది. ఆరో ఎడిషన్‌కి వచ్చేసరికి పుస్తకం పేరు మొదట్లో ఉన్న "ఆన్" కూడా పోయింది.

ఇప్పుడు మీ నోట్ మళ్లీ చదవండి. 1859 అని ఉంది. మీ పేపర్ పందొమ్మిదో శతాబ్దపు వాదనల మీద. చదివేవాడు డార్విన్ 1859లోనే ఆ మాట అన్నాడనుకుంటాడు, స్పెన్సర్ అతన్ని అనుసరించాడనుకుంటాడు, వరస మొత్తం తలకిందులవుతుంది. తెలిసినవాడైతే 1859 ప్రతి తెరిచి 72వ పేజీలో వెతికి, అక్కడ లేదని చూసి, మీ మిగతా నోట్ల మీద కూడా నమ్మకం వదిలేస్తాడు. ఫుట్‌నోట్ ఉన్నది వాడిని ఆ పేజీ దగ్గరికి చేర్చడానికి. మీరు ఏ ప్రతి తెరిచి చదివారో ఆ ప్రతి వివరాలే రాయాలి, అట్ట మీద ఏం ఉన్నా సరే.

మీ నోట్ ఈ వరుసలో ఉండాలి: రచయిత, శీర్షిక, 6వ ఎడిషన్, బ్రాకెట్లో ముందు 1872, తర్వాత సెమికోలన్, "పునర్ముద్రణ" అని, మీ రీప్రింట్ ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, బ్రాకెట్ బయట మీ ప్రతిలోని పేజీ. పాత సంవత్సరం వాదన కాలం చెప్తుంది, కొత్త సంవత్సరం పేజీ ఎక్కడుందో చెప్తుంది. రెండూ కావాలి.

ఎడిషన్ వేరు, పునర్ముద్రణ వేరు అని కూడా గుర్తుంచుకోండి. పాఠం మారితేనే ఎడిషన్. అదే పాఠాన్ని మళ్లీ అచ్చేస్తే అది ముద్రణ మాత్రమే, "పద్నాలుగో ముద్రణ" అని నోట్‌లో రాయక్కర్లేదు.

వరస_తప్పని

పైన చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఇలా ఎన్నో రీప్రింట్లు ఉన్న పుస్తకానికి పేజీతో పాటు అధ్యాయం నంబర్ కూడా ఇస్తే చదివేవాళ్లకి మేలు. మీ రీప్రింట్ వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు, కానీ "3వ అధ్యాయం" అంటే ఏ ప్రతిలోనైనా దొరుకుతుంది. ఈ-బుక్ అయితే ఇది మరీ అవసరం. అక్షరాల సైజు పెంచితే పేజీలు మారిపోయే పుస్తకంలో "పేజీ 212" అంటే ఎవరి ఫోన్‌లో 212? అలాంటప్పుడు అధ్యాయమో, ఉపశీర్షికో ఇవ్వాలి.

కొత్తగా_చేరా

నాకూ ఒక డౌట్. మా సీనియర్ల పేపర్లలో "ఇబిడ్." (పై నోట్‌లోని పుస్తకమే అని అర్థం) అని కనిపిస్తుంది, తెలుగులో రాసినవాటిలో "పైదే, పుట 45" అని ఉంటుంది. ఇక్కడ ఎవరూ దాని గురించి అనలేదు. వాడొచ్చా?

సెమికోలన్

వాడితే తప్పు కాదు గానీ వాడకండి. 2017లో వచ్చిన చికాగో 17వ ఎడిషన్ నుంచే ఇబిడ్ బదులు పొట్టి రూపమే మేలని చెప్తున్నారు. వెంటవెంటనే అదే పుస్తకం వస్తే శీర్షిక కూడా వదిలేసి "డార్విన్, 86." అని రాసుకోవచ్చు. అది ఇబిడ్ కంటే ఎంత పొడుగు? రెండు అక్షరాలు.

కారణం చెప్తాను, అప్పుడు ఒప్పుకుంటారు. మీ 14వ నోట్ డార్విన్, 15వ నోట్ ఇబిడ్. గైడ్ "ఇక్కడ ఇంకో ఆధారం చేర్చు" అంటే మధ్యలో ఒక కొత్త నోట్ వస్తుంది, హక్స్‌లీది అనుకోండి. నంబర్లు వర్డ్ సర్దుకుంటుంది. ఇబిడ్ మాత్రం ఇప్పుడు హక్స్‌లీని చూపిస్తుంది. మీకు తెలియను కూడా తెలియదు. పేరాలు అటూ ఇటూ మార్చినా ఇదే కథ. "ఆప్. సిట్.", "లాక్. సిట్." లాంటివైతే అసలే వద్దు, ముప్పై పేజీల వెనక ఎక్కడో ఉన్న పుస్తకాన్ని వెతుక్కోమని చదివేవాడికి పని పెట్టడం అది.

పాతపుస్తకాల_గది

సెమికోలన్ గారితో పూర్తిగా ఏకీభవించలేను. తెలుగులో రాసే పేపర్లకు "పైదే" చదవడానికి హాయిగా ఉంటుంది, మన పరిశోధనా గ్రంథాల్లో స్థిరపడిన పద్ధతి. విభాగం అదే అడిగితే అదే పెట్టండి. కానీ మొత్తం రాసి, గైడ్ దిద్ది, ఇక ఏమీ కదలదు అన్నాక చివర్లో పెట్టండి. అప్పటిదాకా పొట్టి రూపంతోనే ఉంచండి. ఆయన చెప్పిన ప్రమాదం నిజమే.

లా_చదువుతున్నా

న్యాయశాస్త్రం వాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, మనకి ఇది వర్తించదు, జాగ్రత్త. మేం వాడేది ఆస్కోలా, న్యాయ రచనలకు ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పెట్టిన సైటేషన్ పద్ధతి. అక్కడ చుక్కలు వీలైనంత తక్కువ. ఉదాహరణకి:

డొనహ్యూ వి స్టీవెన్‌సన్ [1932] ఏసీ 562 (హెచ్ఎల్) 580.

"వి" తర్వాత చుక్క లేదు, "ఏసీ" (అప్పీల్ కేసెస్ అనే తీర్పుల రిపోర్టులు) మధ్య చుక్కలు లేవు, "హెచ్ఎల్" అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్. ఆ 580 అనేది మనకు కావాల్సిన ఖచ్చితమైన పేజీ, పొరుగువాడి పట్ల బాధ్యత గురించి లార్డ్ ఆట్కిన్ అన్న మాట అక్కడ ఉంది. సంవత్సరం చదరపు బ్రాకెట్లో ఎందుకంటే ఆ రిపోర్టుల్లో సంపుటాన్ని సంవత్సరంతోనే గుర్తుపడతాం. సంపుటాలకు సొంత నంబర్లు వరసగా నడిచే రిపోర్టులైతే గుండ్రటి బ్రాకెట్. ఈ ఒక్క తేడాకి మార్కులు పోతాయి.

రెండోసారి వచ్చినప్పుడు మేం "డొనహ్యూ (ఎన్ 3) 580" అని రాస్తాం, అంటే వివరాలు 3వ నోట్‌లో ఉన్నాయని. ఆ 3ని చేత్తో టైప్ చేస్తే సెమికోలన్ గారు ఇబిడ్ గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. అందుకే వర్డ్‌లో రెఫరెన్సెస్ ట్యాబ్ కింద క్రాస్ రెఫరెన్స్, అందులో ఫుట్‌నోట్ ఎంచుకుని చొప్పించండి. నంబర్లు మారాక ఫుట్‌నోట్ లోపల ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్9. పైన వ్యాసంలో క్లిక్ చేసి కంట్రోల్ ఏ కొడితే కింది నోట్లు సెలెక్ట్ అవ్వవు, అవి పాత నంబర్లతోనే ఉండిపోతాయి. ఇది చాలామందికి తెలియదు.

నేచర్_పాఠకుడు

ఇప్పటిదాకా అందరూ పుస్తకాలే చెప్పారు. జర్నల్ వ్యాసం కూడా ఒకటి ఉండనివ్వండి, అందరికీ తెలిసిన డీఎన్ఏ వ్యాసమే తీసుకుందాం:

8. జె. డి. వాట్సన్, ఎఫ్. హెచ్. సి. క్రిక్, "మాలిక్యులర్ స్ట్రక్చర్ ఆఫ్ న్యూక్లియిక్ యాసిడ్స్," నేచర్ 171, నం. 4356 (1953): 737.

వ్యాసం పేరు కోట్స్‌లో, పత్రిక పేరు ఇటాలిక్‌లో. సంపుటం, సంచిక, బ్రాకెట్లో సంవత్సరం, కోలన్, మీకు కావాల్సిన పేజీ. నోట్‌లో ఆ ఒక్క పేజీ. బిబ్లియోగ్రఫీలో వ్యాసం మొత్తం, 737–38. రెండు చోట్లా ఒకే పేజీలు పెట్టేవాళ్లు చాలామంది, అది సరికాదు.

డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే చివర్లో ఇవ్వండి. అది 10తో మొదలవుతుంది, పూర్తి లింకు రూపంలో రాయాలి. పత్రిక వాళ్ల వెబ్‌సైట్ మారిపోయినా డీఓఐ లింకు కొత్త చోటికి తీసుకెళ్తుంది, అందుకే బ్రౌజర్ పైన కనిపించే పొడుగాటి చిరునామా కంటే అదే మేలు. కాలేజీ లాగిన్‌తో తెరిచిన డేటాబేస్ లింకు మాత్రం అస్సలు పెట్టొద్దు, మీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు.

కొత్తగా_చేరా

వెబ్‌సైట్ పేజీలకు "చూసిన తేదీ" పెట్టాలా వద్దా? ఒక స్నేహితురాలు తప్పనిసరి అంటోంది.

గ్రంథాలయం_మూల

స్టైల్‌ని బట్టి ఉంటుందమ్మా. చికాగోలో ఆ పేజీకి ప్రచురించిన తేదీ గానీ మార్చిన తేదీ గానీ లేనప్పుడే చూసిన తేదీ కావాలి. ఎమ్‌హెచ్‌ఆర్‌ఏ పద్ధతిలో పెట్టాలి. ఎమ్ఎల్ఏ అనే ఇంకో స్టైల్‌లో మీ ఇష్టం. మీ స్నేహితురాలు ఇంకో విభాగం అయుంటుంది, తను చెప్పింది తన విభాగానికి సరైనదే కావచ్చు.

నేనైతే తేదీ కంటే ఇంకో పని చేయమంటాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని ఆరోజే భద్రం చేసి ఆ లింకు కూడా నోట్‌లో ఇవ్వండి. "ఫలానా రోజు చూశాను" అన్న మాటతో చదివేవాళ్లు ఏం చేసుకుంటారు, ఆ పేజీ మాయమయ్యాక? భద్రం చేసిన ప్రతి ఉంటే తెరిచి చూసుకుంటారు.

అర్ధరాత్రి_డ్రాఫ్ట్

ఇంకో షార్ట్‌కట్, చాట్‌జీపీటీని అడిగితే మనం ఇచ్చిన వివరాల్ని చికాగోలో పెట్టి ఇచ్చేస్తుంది. ఆధారాలు లేని చోట ఆధారాలు కూడా వెతికి పెడుతుంది.

నేచర్_పాఠకుడు

మొదటి వాక్యం వరకూ సరే, వివరాలు మీవైతే, వచ్చినదాన్ని మీరు సరిచూస్తే. రెండోది మాత్రం వద్దు, దయచేసి వద్దు. లేని వ్యాసానికి రచయిత, సంపుటం, పేజీలు అన్నీ నమ్మేలా అల్లి ఇస్తుంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు అలా వచ్చిన, ఎక్కడా లేని తీర్పుల్ని తమ వాదనలో ఉటంకించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. వాటి సైటేషన్లు చూడటానికి మామూలుగానే ఉన్నాయి, కేసు పేర్లు, సంపుటాలు అన్నీ. పుస్తకం తెరవకుండా, వ్యాసం కళ్లతో చూడకుండా నోట్ పెట్టడమే అసలు తప్పు, ఎవరు టైప్ చేశారన్నది తర్వాత సంగతి.

వరస_తప్పని

దీనికి దగ్గరిదే ఇంకొకటి. @పేపర్_రాస్తున్నా, మీరు స్పెన్సర్ మాటని డార్విన్ పుస్తకంలో చదివారు, స్పెన్సర్ పుస్తకం తెరవలేదు కదా. ఇప్పుడు స్పెన్సర్ పేరుతో 1864 అని నోట్ పెడితే మీరు అది చదివినట్టు అవుతుంది. వీలైతే స్పెన్సర్‌నే తీసి చూడండి, కాపీరైట్ తీరిపోయిన పుస్తకం, నెట్‌లో స్కాన్లు దొరుకుతాయి. దొరకకపోతే స్పెన్సర్ వివరాలు ఇచ్చి, తర్వాత "ఉటంకింపు:" అని డార్విన్ వివరాలు, పేజీ ఇవ్వండి. కొంతమంది దీన్ని చిన్నతనంగా భావించి మూలాన్నే చూసినట్టు రాసేస్తారు. మధ్యలో ఉన్నవాడు ఒక మాట తప్పు ఎత్తి రాసుంటే ఆ తప్పు మీ పేరు మీదికి వస్తుంది.

తెలుగు_ఎం_ఏ

తెలుగులో రాసేవాళ్ల తరఫున ఒక ప్రశ్న. పుస్తకం పేరు ఇటాలిక్‌లో పెట్టాలంటున్నారు, తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ అంటే అక్షరాలు పక్కకి వాలి గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏం చేస్తున్నారు మీరంతా?

పాతపుస్తకాల_గది

మా దగ్గర చాలామంది పుస్తకం పేరుని బోల్డ్‌లో, వ్యాసం పేరుని కోట్స్‌లో పెడతారు. చికాగోకి కావాల్సింది పుస్తకాన్నీ వ్యాసాన్నీ చూడగానే వేరు చేసి చెప్పడం, అది బోల్డ్‌తో జరిగినా జరుగుతుంది. ఏది పెట్టినా మొదటి నోట్ నుంచి చివరి నోట్ దాకా అదే ఉండాలి. పేర్ల విషయంలో కూడా ముందే తేల్చుకోండి. మన రచయితల్లో పొడి అక్షరాల ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని తిప్పి చివర పెడితే ఎవరికీ గుర్తుపట్టడం రాదు. తెలుగు పేపర్లో పుస్తకం మీద ఎలా ఉందో అలాగే రాసి, అకారాదిలో పూర్తి ఇంటిపేరుతో పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఇంగ్లీషు పేపర్లో తెలుగు పుస్తకం వస్తే శీర్షికని ఇంగ్లీషు లిపిలో ఇటాలిక్ చేసి, పక్కన చదరపు బ్రాకెట్లో అర్థం మామూలు అక్షరాల్లో ఇవ్వాలి. అర్థం మాత్రమే ఇచ్చి తెలుగు పేరు వదిలేస్తే ఏ లైబ్రరీ కేటలాగ్‌లోనూ ఆ పుస్తకం దొరకదు.

పేపర్_రాస్తున్నా

మొత్తం మళ్లీ కూర్చుని చేశాను. స్పెన్సర్ స్కాన్ కూడా దొరికింది, ఆ పేజీ తెరిచి చూసే నోట్ పెట్టాను. 1859 ఎడిషన్ స్కాన్ కూడా తెచ్చుకున్నాను, ఎందుకంటే డార్విన్ ముందు ఏమన్నాడో తర్వాత ఏం మార్చాడో పక్కపక్కన పెడితే నా పేపర్లో ఆ భాగం చాలా బలపడుతుంది. ఇప్పుడు రెండు ఎడిషన్లూ నోట్లలో వస్తున్నాయి. రెండింటికీ పొట్టి రూపం "డార్విన్, ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్" అనే వస్తోంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకోటి, కొత్త 18వ ఎడిషన్ చికాగోలో ప్రచురించిన ఊరు అక్కర్లేదని ఎక్కడో చదివాను, తీసేయాలా?

సెమికోలన్

పొట్టి రూపంలో ఎడిషన్ కూడా చేర్చండి: "డార్విన్, ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్, 1వ ఎడి., 61." "డార్విన్, ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్, 6వ ఎడి.," ఆపైన మీ పేజీ. మొదటిసారి పూర్తి నోట్ రాసినప్పుడే "ఇకపై ఎడిషన్ నంబర్‌తో సూచిస్తాను" అని ఒక వాక్యం చేర్చితే ఇంకా స్పష్టం. ఫుట్‌నోట్‌లో అలాంటి వాక్యం రాయడానికి ఏ అభ్యంతరమూ లేదు.

ఊరు సంగతి: 2024లో వచ్చిన 18వ ఎడిషన్‌లో అక్కర్లేదన్నది నిజమే, కానీ 1900కి ముందు పుస్తకాలకు అది ఇంకా పనికొచ్చే వివరమే, మీవి చాలావరకూ అవే. పైగా మీ గైడ్ ఏ ఎడిషన్ చూసి దిద్దుతారో అడిగారా? 17 అయితే ఊరు ఉంచాల్సిందే. రెండు వరసల మెయిల్ పెట్టి కనుక్కోండి, ఆ జవాబు వచ్చేదాకా ఊర్లు ఉండనివ్వండి. తర్వాత తీసేయడం సులువు, తీసేశాక మళ్లీ వెతకడం కష్టం.

పేపర్_రాస్తున్నా

మెయిల్ పెట్టాను, 17 అన్నారు. ఊర్లు ఉంచేస్తున్నాను.

గ్రంథాలయం_మూల

అయితే పంపేముందు ఒక పని మిగిలింది. జొటెరో వాడి ఉంటే ఫైల్‌కి ఇంకో కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ (నోట్లని మామూలు అక్షరాలుగా మార్చే బటన్) నొక్కి పంపండి, అసలు ఫైల్ మీ దగ్గర లింకులతోనే ఉండాలి, గైడ్ మళ్లీ మార్పులు చెప్తే అదే అక్కరకొస్తుంది. పీడీఎఫ్ చేశాక పేజీల కింది భాగం మాత్రమే చూస్తూ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వెళ్లండి, పొడుగు నోట్ ఏదైనా సగం తెగి తర్వాతి పేజీకి పోయిందేమో కనపడుతుంది.